నులిపురుగుల మాత్ర: తల్లిదండ్రుల సందేహాల వెనుక చరిత్ర

ఏటా ఫిబ్రవరి 10న, మళ్లీ ఆగస్టులో, విశాఖపట్నం బడులలో మధ్యాహ్న భోజనం ముగిశాక ఉపాధ్యాయులు పిల్లల చేత నులిపురుగులను చంపే ఆల్బెండజోల్ మాత్రను తమ కళ్లెదుటే నమిలించి, హాజరు పట్టీలో పేరు పక్కన ఒక టిక్కు పెడతారు. ఆ రోజు రానివారికి కొద్ది రోజుల్లోనే వేయించి రెండు టిక్కులు పెడతారు. మాత్రను ఇంటికి పంపకూడదన్నది నియమం. కొందరు తల్లిదండ్రులకు మింగుడుపడనిది మాత్ర కన్నా ఈ పద్ధతే.

పిల్లల కడుపులో పురుగులకు మందు వేయడం మన ఇళ్లకు కొత్త కాదు. వాయువిడంగాల పొడి, వేపచిగురు, ఎప్పుడైనా ఆముదం: ఇదంతా ఇంటి పెద్దల చేతిలోని వైద్యం. పిల్లవాడు నిద్రలో పళ్లు కొరికినా, తిన్నది వంటబట్టకపోయినా అమ్మమ్మే నిర్ణయించేది. విరేచనంలో ఏలికపాము పడితే మందు పనిచేసినట్టు లెక్క. (పళ్లు కొరకడానికీ పురుగులకూ సంబంధం ఉందనడానికి గట్టి ఆధారం లేదు, నమ్మకం మాత్రం గట్టిది.) బెల్లం, మిఠాయిలు తింటే పురుగులు పడతాయన్న మాటా అలాంటిదే. ఏలికపాము గుడ్లు మట్టి నుంచి చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా నోటికి చేరతాయి. కొంకిపురుగు పిల్లలు ఒట్టి పాదాల చర్మం గుండానే లోపలికి వెళతాయి.

ప్రభుత్వాలు ఈ పనిలోకి దిగి వందేళ్లయింది. విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న 1920లలో ఆ ప్రెసిడెన్సీలో అమెరికా దాతృత్వ సంస్థ రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తోడ్పాటుతో కొంకిపురుగు నివారణ జరిగింది. చినోపోడియం నూనె వంటి ఆనాటి మందులు మోతాదు తప్పితే ప్రాణాంతకం కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ వాటిని పంచడం సాధ్యమయ్యేది కాదు. 1980లలో మనుషులకు ఆల్బెండజోల్ వచ్చాక లెక్క మారింది: ఒకే మాత్ర, 400 మిల్లీగ్రాములు, ధర స్వల్పం. ఒక్కో పిల్లవాడి మలం పరీక్షించడానికయ్యే ఖర్చే మందు కన్నా ఎక్కువ కావడంతో, కనీసం 20 శాతం మందిలో పురుగులున్న ప్రాంతంలో పరీక్ష లేకుండా పిల్లలందరికీ వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లోనే రాష్ట్రమంతటా బడులలో ఈ మందు వేయించింది. నులిపురుగుల నివారణ జాతీయ కార్యక్రమం 2015లో మొదలై మరుసటి ఏడు దేశమంతటా విస్తరించింది.

జబ్బు చేసిన పిల్లకు ఇంట్లో వేసే మందు ఇలా ఏ జబ్బూ కనిపించని పిల్లకు బడిలో వేసే మందయింది. ‘మా వాడికి ఏమీ లేదు కదండీ, ఎందుకు?’ అని అడిగే తల్లిది అజ్ఞానమని కొట్టిపారేయడం సరికాదు. మాత్ర పురుగులను చంపుతుందన్న దానిపై పేచీ లేదు. అందరికీ వేసినందువల్ల పిల్లల బరువు, చదువు మెరుగవుతాయా అన్న దానిపై పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కెన్యాలోని బుసియా బడులపై 2004లో వెలువడిన అధ్యయనం హాజరు పెరిగిందని చూపితే, 2015లో కోక్రేన్ సమీక్ష (ఒక అంశంపై వచ్చిన అధ్యయనాలను కలిపి బేరీజు వేసేది) అందరికీ వేసినందువల్ల పోషణ, చదువు సగటున మెరుగుపడవనడానికే గట్టి ఆధారాలున్నాయంది.

అసలు చిక్కు మరొకటి. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకే మాత్ర వేశాక వికారం, కడుపునొప్పి, వాంతులు రావచ్చు. కాసేపటికి తగ్గిపోయే ఆ బాధ తల్లి కంట పడుతుంది. చనిపోయిన పురుగులు చాలాసార్లు కంట పడవు. అందుకే ‘మాత్ర వికటించింది’ అన్న కబురు సాయంత్రానికల్లా వాడంతా తిరుగుతుంది. జ్వరంతో ఉన్నవారికి ఆ రోజు వేయకూడదనీ, కోలుకున్నాక వేయాలనీ మార్గదర్శకాలలోనే ఉంది. ఈ రెండు సంగతులూ ముందురోజే ఇంటికి చేరితే, మర్నాడు బడి గేటు దగ్గర వాదనలు సగం తగ్గుతాయి.