ఫిష్ ఫైండర్ కొన్నారా? ముందు చేప బొమ్మలు ఆపెయ్యండి

ఫిష్ ఫైండర్ అంటే నీళ్లలోకి ధ్వని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి కింద ఏముందో స్క్రీన్ మీద చూపే మిషను. అది కొన్నవాళ్లలో చాలామంది మొదటిరోజు చేసే పని ఒకటే. స్క్రీన్ మీద చేప బొమ్మ కనిపించగానే అక్కడ గాలం వేస్తారు. చేప పడదు. ఆ బొమ్మ నీళ్లలో తీసిన ఫొటో కాదు. వచ్చిన ప్రతిధ్వనిని చూసి ‘చేపే అయ్యుంటుంది’ అని మిషను వేసిన అంచనా. నాచు తుక్కైనా, గాలి బుడగలైనా దానికి ఒక్కోసారి చేపే.

ఒత్తిడి పెడితే కొన్ని స్ఫటికాల్లో కరెంటు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు గుర్తించారు. కరెంటిస్తే అవే స్ఫటికాలు కంపించి ధ్వని పుట్టిస్తాయి. ఈ గుణంతో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్ జలాంతర్గాముల జాడ తీశాడు. 1948లో జపాన్‌లో ఫురునో సోదరులు ఈ ప్రతిధ్వని పద్ధతిని చేపల వేటకు తెచ్చారు.

పడవకు బిగించే ట్రాన్స్‌డ్యూసర్, అంటే ధ్వనిని పంపి ప్రతిధ్వనిని అందుకునే భాగం, సాధారణంగా 200 కిలోహెర్ట్జ్ ధ్వనిని కిందికి పంపుతుంది. మన చెవికి అందేది 20 కిలోహెర్ట్జ్ దాకానే. నీళ్లలో ధ్వని సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. ఆరు మీటర్ల లోతుంటే వెళ్లి రావడానికి 8 మిల్లీసెకన్లు చాలు. లోతు లెక్క అంతే.

స్క్రీన్ ఈసీజీ కాగితంలా కదులుతుంది. కుడి అంచున ఉన్నదే ఇప్పటి సంగతి, ఎడమకు జరిగిందంతా పాతది. పడవ ఆగి ఉన్నా గీతలు జరుగుతూనే ఉంటాయి. కింద కదలని చేప ఒక్కటే ఉన్నా పొడుగాటి గీత పడుతుంది. పడవ దాని మీదుగా పోతే విల్లులా వంగిన గీత, అంటే ఆర్చి వస్తుంది. ధ్వని పరిధి అంచున ఉన్నప్పుడు చేప దూరం, నడిమికొచ్చేసరికి దగ్గర, మళ్లీ దూరం. నిజానికి ఎక్కువగా ప్రతిధ్వనించేది చేప ఒళ్లు కాదు, దాని కడుపులోని గాలితిత్తి. సొరచేపకు అది లేదు, అందుకే అంత ఒళ్లున్నా దాని గుర్తు పలచగా వస్తుంది.

ఇక అసలు చిక్కు. ధ్వని శంకువులా విచ్చుకుంటుంది. 20 డిగ్రీల ట్రాన్స్‌డ్యూసర్‌కు ఆరు మీటర్ల లోతున కనిపించేది రెండు మీటర్ల వెడల్పే. ప్రకాశం బ్యారేజీ ఎగువన అంత కృష్ణలో ఇదెంత? పైగా లోతు తక్కువైతే చేపలు పడవ చప్పుడుకే పక్కకు తప్పుకుంటాయి. అందుకే మన దగ్గర దీన్ని చేపల కోసం కాక నేల కోసం కొనాలంటాను. ఇసుక తవ్విన గుంత అంచు వచ్చిందంటే అడుగు గీత ఒక్కసారి కిందికి దిగుతుంది. గట్టి నేలైతే గీత చిక్కగా ఉంటుంది, ఒక్కోసారి రెట్టింపు లోతులో ఇంకో గీత కూడా కనిపిస్తుంది. మెత్తటి బురద అయితే వెలవెలబోతుంది. చేప ఆ అంచుల్లో, రాళ్ల దగ్గర ఉంటుందన్నది గాలం వేసేవాళ్లకు ఎలాగూ తెలుసు.

కొత్తవాళ్లకు మంచి పరీక్ష ఉంది. చేప బొమ్మల సెట్టింగు ఆపేసి, పడవ నిలబెట్టి, సీసం గుండు కట్టిన దారాన్ని సరిగ్గా ట్రాన్స్‌డ్యూసర్ కిందుగా దించండి. గుండు దిగుతుంటే స్క్రీన్ మీద ఏటవాలు గీత పడుతుంది. పడకపోతే సెన్సిటివిటీ పెంచాలి. స్క్రీనంతా చుక్కలైతే తగ్గించాలి.

గట్టి ఫైబర్ పడవైతే ట్రాన్స్‌డ్యూసర్‌ని లోపల అతికించినా పనిచేస్తుంది. చెక్క పడవకు అది కుదరదు, కర్రకు కట్టి పక్కనుంచి నీళ్లలోకి దించాలి. ఇంజను నురగ తగలకూడదు, బుడగలు ధ్వనిని ఆపేస్తాయి. ఆర్చిలు ఎప్పుడూ ఒక సగమే వస్తుంటే సెట్టింగులు కెలకకముందు ఆ కర్ర నిలువుగా ఉందో లేదో చూడండి.