నాలుగు వందల గ్రాముల పట్టు

మట్టి ట్రాక్ మీద పందేలకు వాడే రేడియో కంట్రోల్ బగ్గీని (రిమోట్‌తో నడిపే చిన్న కారును) కొత్తగా కొన్న ఒక పాఠకుడు, ముందుగా మార్చవలసింది మోటారా, టైర్లా అని అడిగారు. టైర్లే అని నా సమాధానం. ఈ ఆటలో అనుభవమున్న వారంతా ఇదే మాట చెబుతారు కాబట్టి, అది ఎందుకు నిజమో వివరించడమే నా పని. బగ్గీ నిర్మాణం, రిమోట్ పనితీరు వంటి పరిచయాలను పక్కన పెట్టి, నేరుగా టైరు నేలను తాకే చోటికి వెళదాం.

పదో వంతు స్కేలులో, నాలుగు చక్రాలకూ శక్తి అందే బగ్గీ బరువు సుమారు 1.6 కిలోలు. ఒక్కో టైరు మీద పడేది 400 గ్రాములు, అంటే దాదాపు 4 న్యూటన్ల బలం. టైరు నేలను తాకే మేర 6 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే అక్కడి పీడనం 7 కిలోపాస్కల్‌లకు మించదు. రోడ్డు మీద తిరిగే కారు టైరు కింద అది 200 కిలోపాస్కల్‌లకు అటూ ఇటూగా ఉంటుంది. పొడవును పదో వంతుకు తగ్గిస్తే వైశాల్యం నూరో వంతుకు, బరువు వెయ్యో వంతుకు పడిపోతాయి గనుక, చిన్న బండి నేల మీద ఎప్పుడూ తేలికగానే ఆనుతుంది. బగ్గీ టైర్లను అంత మెత్తని రబ్బరుతో చేయడానికీ, వాటి నిండా పిన్‌లు, అంటే ముళ్లలా పొడుచుకువచ్చిన రబ్బరు మొనలు, ఉండడానికీ మూలం ఇక్కడే ఉంది.

పిన్ చేసేది మేకు మొన చేసే పనే. ఒక్కో పిన్ కొన 2 మిల్లీమీటర్ల చదరం అనుకుందాం; ఒక క్షణంలో 20 పిన్‌లు నేలను తాకుతుంటే మొత్తం వైశాల్యం 80 చదరపు మిల్లీమీటర్లు, పీడనం 50 కిలోపాస్కల్‌లు. బరువు ఒక్క గ్రాము కూడా పెరగకుండానే పీడనం ఏడు రెట్లయింది.

ఆ పీడనం ఎందుకు కావాలో తెలియాలంటే కూలుంబ్ దగ్గరకు వెళ్లాలి. విద్యుదావేశాల సూత్రంతో మనకు పరిచయమైన ఆ ఫ్రెంచి శాస్త్రవేత్త వృత్తిరీత్యా సైనిక ఇంజనీరు. మట్టి ఎప్పుడు తెగి జారుతుందో 1773లోనే సూత్రీకరించాడు. మట్టి నిరోధం రెండు భాగాల మొత్తం. మొదటిది రేణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకునే సంసంజనం, ఇది వైశాల్యంతో పెరుగుతుంది. రెండవది రేణువుల మధ్య ఘర్షణ, ఇది పైనున్న బరువుతో పెరుగుతుంది. ఎండిన దుమ్ములో సంసంజనం దాదాపు సున్నా. అక్కడ ఘర్షణ గుణకం (బరువులో పట్టుగా మారే వంతు) 0.6 అనుకుంటే 4 న్యూటన్ల బరువుకు దక్కేది 2.4 న్యూటన్ల పట్టు మాత్రమే. టైరు వెడల్పయినా సన్ననిదైనా దుమ్ము మీద తేలుతున్నంత కాలం ఆ అంకె మారదు. కాబట్టి దుమ్ము పొరను చీల్చుకుని కింది గట్టి నేలను అందుకోవాలి, దానికి పొడవైన పిన్‌లు కావాలి. తడి బంకమట్టిలో లెక్క తిరగబడుతుంది. సంసంజనం 5 కిలోపాస్కల్‌లు ఉందనుకుంటే 6 చదరపు సెంటీమీటర్లకు మరో 3 న్యూటన్లు కలిసివస్తాయి. అక్కడ వైశాల్యానికి విలువ ఉంది. పిన్‌లు పూర్తిగా దిగబడి, వాటి మధ్య మట్టి ముద్ద మొత్తం తెగవలసి వచ్చేలా ఎడంగా అమరిన టైరు అక్కడ రాణిస్తుంది.

గట్టిపడి నున్నగా మెరిసే ట్రాక్ మీద తెగేది మట్టి కాదు, జారేది రబ్బరే. ఘర్షణ వైశాల్యంపై ఆధారపడదని మనం బడిలో నేర్పుతాం. 1699లో ఫ్రెంచి శాస్త్రవేత్త అమాంటన్స్ చెప్పిన ఆ నియమం గట్టి, పొడి వస్తువులకు చక్కగా సరిపోతుంది. రబ్బరుకు సరిపోదన్న ఒక్క వాక్యాన్ని ఆ పాఠంలోనే చేర్చాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే పిల్లలు రోజూ చూసే చక్రాలలో ఎక్కువ భాగం రబ్బరువే. మెత్తని రబ్బరు నేలలోని సూక్ష్మమైన ఎగుడుదిగుడుల్లోకి ఒదిగిపోతుంది. పీడనం పెరిగే కొద్దీ ఒదగడానికి మిగిలే చోటు తగ్గి, ఘర్షణ గుణకం పడిపోతుంది. అందుకే గట్టి నేలకు పొట్టి పిన్‌లు లేదా చదునైన దిమ్మెలున్న టైర్లు మేలు.

పరుగు ముగిశాక టైరును చేతిలోకి తీసుకుని పిన్‌లను దగ్గరగా చూడండి. కొనలు ఒకే వైపు ఒరిగి, ఆ అంచు మాత్రమే గుండ్రంగా అరిగి ఉంటే, పిన్‌లు నేలలో దిగలేక వంగి జారాయన్నమాట. పిన్‌ల మధ్య మట్టి కూరుకుపోయి టైరంతా నున్నగా తయారైతే వాటి మధ్య ఎడం చాలలేదు.

ఇక మిగతా మార్పుల సంగతి. బరువు పెరిగితే గుణకం తగ్గుతుందన్న విషయానికి ఒక ముఖ్యమైన పర్యవసానం ఉంది. గుణకం 200 గ్రాముల దగ్గర 1.1, 400 దగ్గర 1.0, 600 దగ్గర 0.9 అనుకుందాం. నిలకడగా 400 గ్రాములు మోసే టైరుకు 400 గ్రాముల పట్టు దక్కుతుంది. గతుకుల్లో ఎగురుతూ ఒకసారి 200, ఒకసారి 600 గ్రాములు మోసే టైరుకు దక్కేవి 220, 540. సగటు 380 మాత్రమే. చక్రం గాలిలోకి లేస్తే ఆ క్షణంలో పట్టు సున్నా. అంటే షాక్ అబ్జార్బర్లలోని సిలికాన్ నూనెను, స్ప్రింగులను ట్రాక్‌కు తగినట్లు ఎంచుకోవడం కూడా పట్టు కొనుక్కోవడమే. వేడికి ఆ నూనె పలచబడుతుంది కాబట్టి ఉదయానికి కుదిరినది మధ్యాహ్నానికి కుదరకపోవచ్చు. ఇరుసులు తిరిగే చోట ఉండే బుష్‌ల (సాదా గొట్టాల) స్థానంలో బాల్ బేరింగులు వేయడం తప్పనిసరి, అందులో చర్చకు తావు లేదు. రంగుల అల్యూమినియం భాగాల మీద ఉన్న నమ్మకం మాత్రం చాలావరకు మూఢనమ్మకమే: చక్రాన్ని బండికి కలిపే ప్లాస్టిక్ చేయి దెబ్బకు వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, అల్యూమినియం చేయి వంగితే అలాగే ఉండిపోతుంది, లేదా దెబ్బను పక్క భాగానికి చేరవేస్తుంది.

మోటార్‌ను చివరికి ఉంచడానికి కారణం ఇదీ. పట్టు గుణకం 1 అయితే 1.6 కిలోల బండిని టైర్లు తోయగల గరిష్ఠ బలం సుమారు 16 న్యూటన్లు. సెకనుకు 5 మీటర్ల వేగంతో మలుపు దాటి బయటికి వస్తున్న బండి అప్పుడు వాడుకోగలిగేది 80 వాట్లే. మామూలు బ్రష్‌లెస్ మోటార్ అంతకంటే ఎంతో ఎక్కువ ఇస్తుంది. మిగిలినదంతా చక్రాలను ఉన్నచోటే తిప్పుతుంది.

పొడవైన తిన్నని దారి ఉన్న ట్రాక్‌లో మోటార్ మార్చినా టైరును మళ్లీ చూసుకోవలసిందే. 85 మిల్లీమీటర్ల టైరు మీద బండి సెకనుకు 15 మీటర్లు పోతుంటే, టైరు అంచున ఉన్న ప్రతి గ్రాము రబ్బరునూ తన బరువుకు 540 రెట్ల బలం బయటికి లాగుతుంది. ఈ టైర్లలో బరువును మోసేది బిగించిన గాలి కాదు, లోపలి ఫోమ్; అది లోపలికి నొక్కుకుపోకుండా ఆపుతుందే తప్ప బయటికి ఉబ్బకుండా ఆపలేదు. ఉబ్బిన టైరు నడిమి భాగం మాత్రమే నేలను తాకుతుంది. లాగే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక వేగం 20 శాతం పెరిగితే అది 44 శాతం పెరుగుతుంది. అంత వేగానికి రబ్బరులో బెల్టు పొదిగిన టైర్లను ఎంచుకోవాలి.