కోటు లోపలి వాన

మృగశిర కార్తె వచ్చిందంటే నల్లగొండ వీధుల్లో సైకిల్ హ్యాండిళ్లకు రెయిన్‌కోట్లు వేలాడుతుంటాయి. వాన అందుకోగానే వేసుకుని మెడ దాకా గుండీలు పెట్టేస్తారు. ఇంటికొచ్చి విప్పితే లోపల చొక్కా తడిసే ఉంటుంది. కోటు కారిందనుకుంటారు గానీ, చాలాసార్లు అది చెమట.

సైకిల్ తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో పెడల్‌కు చేరేది మహా అయితే నాలుగో వంతు. మిగతాదంతా వేడి. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2,400 జౌల్స్ వేడిని తీసుకుపోతుంది. ప్లాస్టిక్ కోటు ఆ ఆవిరిని బయటికి పోనివ్వదు. అది కోటు లోపలివైపు మళ్లీ నీరై చొక్కాకు అంటుకుంటుంది. చెమట కారుతూనే ఉంటుంది, ఒళ్లు మాత్రం చల్లబడదు.

దీనికి విరుగుడుగా వచ్చిందే గోర్‌టెక్స్ అనే కోటు బట్ట. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్ రకం ప్లాస్టిక్‌ను ఒక్క గుంజు గుంజితే అది సన్నటి రంధ్రాల పొరగా సాగింది. అందులోంచి నీటిబొట్టు దూరదు, ఆవిరి దూరుతుంది. అయితే ఆవిరి కదలాలంటే లోపల తేమ ఎక్కువ, బయట తక్కువ ఉండాలి. చలిదేశాల్లో ఆ తేడా బాగా ఉంటుంది. మన ముసురులో బయటి గాలే తేమతో నిండి ఉంటుంది కాబట్టి అంత డబ్బు పెట్టినా ఫలితం అంతంతే. అందుకే చంకల కింద, వీపు మీద గాలి ఆడే సందులున్న మామూలు కోటే మనకు మేలని నా నమ్మకం.

లోపల నూలు చొక్కా వద్దు. పత్తి పండే జిల్లాలో ఈ మాట అనడం కష్టమే, కానీ నూలు దారం నీటిని తనలోకి పీల్చుకుంటుంది. పాలిస్టర్ దారం తన బరువులో అర శాతం తేమ కూడా పీల్చదు, తొందరగా ఆరుతుంది. పాలమూరు కురుమల గొంగడి సంగతి వేరు. ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంచుతుంది. గొర్రెల వెంట వానలో నడిచేవాళ్లకు దాన్ని మించింది లేదు. సైకిల్ మీద మాత్రం బరువు, పైగా అంచు చక్రంలో పడుతుందేమోనని టెన్షన్. చున్నీతోనూ లుంగీతోనూ అదే ప్రమాదం.

కాళ్లకు నిక్కరు చాలు, చర్మం కంటే త్వరగా ఆరే బట్ట లేదు. బూట్ల బదులు వెనక పట్టీ ఉన్న శాండిల్స్ మంచివి. కోటు టోపీతో ఒక చిక్కుంది: తల తిప్పినా అది తిరగదు, వెనక వచ్చే బండి కనపడదు. ముందు అంచున్న క్యాప్ ఒక్కటి పెట్టుకుంటే కళ్లలో చినుకులు పడవు, పక్కచూపు ఉంటుంది.

ఇక రంగు. మెరిసే పసుపుపచ్చ బట్ట కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను కనపడే వెలుగుగా మారుస్తుంది, అందుకే మబ్బు పట్టిన పగలు కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చీకటి పడ్డాక ఆ గుణం పనిచేయదు. అప్పుడు కావలసింది హెడ్‌లైటు వెలుగును వచ్చిన దారినే తిప్పికొట్టే పట్టీ. దాన్ని వీపుకే కాదు, చీలమండలకూ కట్టుకోండి. పైకీ కిందికీ ఆడే ఆ మెరుపును చూస్తే, ముందున్నది బోర్డో రాయో కాదు, సైకిల్ తొక్కుతున్న మనిషని వెనక లారీ డ్రైవర్‌కు ఇట్టే తెలిసిపోతుంది.