కీరా చక్రం ఎందుకు చతికిలబడింది?

అమలాపురం దగ్గర మా చుట్టాలింట్లో ఓణీల ఫంక్షన్. పదిన్నరకల్లా సలాడ్ పళ్లాలు సర్దేశారు. అంచు చుట్టూ కీరా చక్రాలు, లోపల క్యారెట్ పుల్లలు, ఉల్లి చక్రాలు, నిమ్మచెక్కలు, నడుమ బీట్‌రూట్‌తో చెక్కిన గులాబీ. వంటమాస్టారు పైనుంచి ఉప్పు, మిరియాలపొడి చల్లి, "అయిపోయిందండి, ఆయ్!" అని చెయ్యి దులుపుకున్నారు. భోజనాలు మొదలయ్యేసరికి పన్నెండున్నర దాటింది. అప్పటికి కీరా చక్రాలు ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. పళ్లెం అడుగున గులాబీ రంగు నీళ్లు తేలాయి.

"పొద్దున్న తెచ్చిన కాయలే కదరా, ఇంతలో ఏమొచ్చింది వీటికి?" అని పిన్ని నన్నడిగింది. సైన్సు మాస్టారి కొడుకుని కాబట్టి ఇలాంటివి నాకే వస్తాయి. పక్కనున్న పెద్దావిడ "దిష్టి" అని తేల్చేసింది. దిష్టి తీసేదీ ఉప్పుతోనే కాబట్టి, ఆవిడ తెలియకుండానే దొంగ దాకా వెళ్లి వెనక్కొచ్చిందన్నమాట.

సలాడ్‌లో ఏ విటమిన్లున్నాయో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అది వదిలేద్దాం. నాకు ఆసక్తి ఆ కరకర మీద. కీరాలో నూటికి 95 పాళ్లు నీరే. అంత నీళ్లున్న వస్తువు కొరికితే కరకరమనడం ఏమిటి?

సైకిల్ చక్రాన్ని తలుచుకోండి. లోపల ట్యూబు, బయట టైరు. ట్యూబు ఒక్కదానికే గాలి కొడుతూ పోతే ఉబ్బి పేలుతుంది. టైరు ఒక్కటే ఉంటే మెత్తగా మడత పడుతుంది. టైరులో ట్యూబు పెట్టి గాలి కొడితేనే చక్రం రాయిలా ఉంటుంది. కూరగాయలో ప్రతి కణమూ ఇలాంటి చక్రమే. ట్యూబు స్థానంలో పలచటి కణత్వచం, టైరు స్థానంలో సెల్యులోజుతో నేసిన కణకవచం, గాలి బదులు నీళ్లు. కణం మధ్యలో రిక్తిక అనే పెద్ద నీళ్ల సంచి ఉంటుంది. దానిలో చక్కెరలు, లవణాలు కరిగి ఉంటాయి కాబట్టి అది బయటి మంచినీళ్లను లోపలికి లాగుతుంది. త్వచం ఉబ్బి కవచాన్ని లోపల్నుంచి తోస్తుంది. ఆ తోపుడే స్ఫీత పీడనం. మన చుట్టూ ఉన్న గాలి వేసే ఒత్తిడిని ఒక వాతావరణం అంటారు. నీళ్లు బాగా తాగిన మొక్క కణాల్లో ఈ తోపుడు మామూలుగా 3 నుంచి 10 వాతావరణాల దాకా ఉంటుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి రెండు వాతావరణాల పైచిలుకే. అంటే మీ పళ్లెంలో ఉన్నది కారు టైరు కన్నా గట్టిగా గాలి కొట్టిన కోట్లాది బుల్లి టైర్లు! కొరికినప్పుడు అవి ఒక్కసారిగా పగులుతాయి. అదే కరకర.

పోలిక ఒక్కచోట కుంటుతుంది. సైకిల్ ట్యూబుకి గాలి పోయే దారి వాల్వు ఒక్కటే. కణత్వచానికి ఒళ్లంతా దారులే. ఆక్వాపోరిన్లనే ఆ నీటి తూములను కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఒక్కో తూములోంచి సెకనుకి సుమారు 300 కోట్ల నీటి అణువులు పోతాయి. నీళ్లకు అడ్డులేదు, ఉప్పుకీ చక్కెరకీ మాత్రం తూము మూసే ఉంటుంది. ఇలా నీళ్లు మాత్రం త్వచం దాటి ఉప్పో చక్కెరో ఎక్కువున్న వైపుకి పోవడాన్నే బళ్లో ద్రవాభిసరణ అంటారు. నిర్వచనం బట్టీ పట్టించి, బంగాళదుంప బొమ్మ గీయించి, రెండు మార్కులిచ్చి వదిలేస్తారు. పిల్లల చేతిలో ఒక కీరా ముక్క, చిటికెడు ఉప్పు పెడితే పావుగంటలో అయిపోయే పాఠం అది.

ఇప్పుడు వంటమాస్టారి ఉప్పు దగ్గరికొద్దాం. కాస్త లెక్క. లీటరు నీళ్లలో 10 గ్రాముల ఉప్పు, అంటే 0.17 మోల్ (రేణువుల్ని లెక్కపెట్టే కొలత అది). కరిగాక సోడియం, క్లోరైడు విడిపోతాయి కనుక రేణువులు రెట్టింపు, 0.34. దాన్ని ఒత్తిడిలోకి మార్చడానికి, 30 డిగ్రీల వేడికి వచ్చే గుణకం సుమారు 25తో గుణిస్తే ఎనిమిదిన్నర వాతావరణాల లాగుడు. ఒక్క శాతం ఉప్పుకే ఇంత, కణంలోని ఒత్తిడికి దాదాపు సమానం. మూడున్నర శాతం ఉప్పున్న సముద్రపు నీటికైతే పాతిక దాటుతుంది. ఇక కోసిన కీరా తడి మీద పడ్డ ఉప్పు గల్లు తన చుట్టూ చిక్కటి ద్రావణం చేసుకుంటుంది. అక్కడ లాగుడు 300 వాతావరణాల పైనే. పాపం, కీరా కణం ఎంతసేపు నిలబడుతుంది? టైరు టైరుగానే ఉంటుంది, లోపల ట్యూబు మాత్రం ముడుచుకుపోతుంది.

సముద్రం అంచు ఊళ్ల రైతులకి ఇది కొత్త కాదు. ఉప్పునీరు ఎక్కిన చేలో నారు నీళ్లలో నిలబడే ఎండిపోతుంది. చుట్టూ నీళ్లే, వేరుకి మాత్రం చుక్క అందదు.

మరి ఆ గులాబీ నీళ్లు? బీట్‌రూట్ రంగు బీటాలైన్లు, అవి రిక్తికలో దాక్కుని ఉంటాయి. ఉప్పు నీటిని లాగగలదు గానీ, త్వచం చిరగనంతవరకూ రంగుని లాగలేదు. గులాబీ చెక్కినప్పుడు కత్తి కోసిన కణాల రంగది. ఇంట్లో చూడొచ్చు. రెండు బీట్‌రూట్ ముక్కల్ని నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఒకటి చన్నీళ్లలో, ఒకటి మరిగే నీళ్లలో వేయండి. రెండోది రక్తంలా అయిపోతుంది. వేడికి ట్యూబులు చిరిగాయి. ఇక ఎంత పంపు కొట్టినా గాలి నిలవదు. ఉడికిన క్యారెట్ ఐసునీళ్లలో వేసినా కరకరలాడనిది అందుకే. పచ్చి క్యారెట్ వాడిపోతే మాత్రం అరగంట చల్లటి నీళ్లలో వేయండి, లేచి కూర్చుంటుంది. ఆ నీళ్లు తాగేవై ఉండాలి. చేపల లారీల కోసం గడ్డకట్టించిన ఐసు దిమ్మ పగలగొట్టి సలాడ్ కింద పరచడం మన భీమవరం వైపు నేను చూశాను. అది చేపల పెట్టెకి, మన నోటికి కాదు.

పిన్నికి చెప్పింది ఇంతే. ముక్కలు కోసి తడిగుడ్డ కప్పి చల్లగా ఉంచండి, ఉప్పూ నిమ్మకాయా విడిగా గిన్నెలో పెట్టండి, ఎవరి కంచంలో వాళ్లు చల్లుకుంటారు. ఉల్లి చక్రాలను కాసేపు చన్నీళ్లలో వేస్తే ఘాటు తగ్గుతుంది. కీరా చివర కోసి నురగ వచ్చేలా రుద్దితే చేదు పోతుందంటారు. చేదు కుకుర్బిటాసిన్లు తొడిమ వైపు, తొక్క కిందే ఎక్కువ. తొడిమ వైపు కాస్త ఎక్కువ కోసి పారేస్తే అయ్యే పనికి అంత నురగెందుకు?

మిగిలిన వాటి సంగతి. మన ఎండలో, 32 డిగ్రీలు దాటితే, కోసిన ముక్కలు గంటకి మించి బయట ఉండకూడదు. నలుగురి చేతులూ పడ్డ పళ్లెం గేదె కుడితిలోకే. వంటింట్లో ఫ్రిజ్‌లోనే ఉండిపోయినవి మాత్రం బంగారం. క్యారెట్, ముల్లంగి ముక్కల పులుసులోకి. కీరా పెరుగు పచ్చడికి, అక్కడ మన దొంగే దొరగా మారతాడు. ముందే ఉప్పు రాసి పావుగంట ఉంచి పిండేస్తే, తర్వాత పెరుగు నీళ్లోడదు. పిండిన నీళ్లు చారులో పోసి, ఆ మేరకు ఉప్పు తగ్గించుకోవాలి.

మాగాయ పెట్టే ఇళ్లకి ఇది వేరే చెప్పాలా? మామిడి ముక్కలకి ఉప్పు పట్టిస్తే మూడోనాటికి జాడీలో ఊట ఊరుతుంది. ముక్కల్ని పిండి ఎండబెట్టి మళ్లీ అదే ఊటలో వేస్తాం. నీళ్లు తిరిగి పీలుస్తాయి గానీ కరకర రాదు. ట్యూబులెప్పుడో పోయాయి. ఇప్పుడున్నవి ఉత్త టైర్లు, స్పాంజిలా పీలుస్తున్నాయి. ఆ నమిలేకొద్దీ సాగే ముక్క కోసమే కదా అంత ఎండలో డాబా ఎక్కి దిగేది.

పోయిన నెల పిన్నివాళ్లింట్లో ఇంకో ఫంక్షన్. ఉప్పు విడిగా గిన్నెలో, పక్కనే చెంచా. పళ్లెం నిగనిగలాడుతోంది. వడ్డన మొదలవకముందే ఎవరో బాబాయ్ వచ్చి, "ఉప్పేసేదే మర్చిపోయార్రా!" అని గిన్నె మొత్తం దాని మీద బోర్లించేశారు.