పోర్షియా ఉడ్‌మన్ పేరు మన మైదానంలో ఎందుకు నలుగుతోంది?

ట్రాక్ మీద పెరిగిన అమ్మాయిని రగ్బీ వాళ్లు తీసుకుపోవచ్చా? హైదరాబాద్ మైదానాల్లో ఈ పేచీ కొత్తది కాదు. ట్రయల్స్ పెట్టిన ప్రతిసారీ రేగుతుంది, నాలుగు రోజులకు సద్దుమణుగుతుంది. ఈసారి పదహారేళ్ల రెండొందల మీటర్ల రన్నర్ విషయంలో రేగింది. ఆమెకు పరుగు నేర్పిన కోచ్ ఒకవైపు, రగ్బీ క్యాంపు నడిపే మేడం ఇంకోవైపు. ఇద్దరి నోటా ఒకటే పేరు: న్యూజిలాండ్ వింగర్, అంటే మైదానం అంచున పరుగెత్తే రగ్బీ క్రీడాకారిణి, పోర్షియా ఉడ్‌మన్.

ఆమె పతకాల చిట్టా ఈ ఆట చూసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ గొడవకు పనికొచ్చేది 2012వ సంవత్సరం.

అంతకు మూడేళ్ల ముందు, 2009 అక్టోబరులో, ఒలింపిక్ కమిటీ కోపెన్‌హేగెన్‌లో సమావేశమై 2016 రియో క్రీడల్లో రగ్బీ సెవెన్స్‌కు చోటిచ్చింది. పదిహేను మంది ఆడే మైదానంలోనే ఏడుగురు ఆడాలి, సగానికి ఏడు నిమిషాలు. అంత ఖాళీ జాగాలో గెలిపించేది వేగమే. న్యూజిలాండ్ రగ్బీ పెద్దలకు ఇది వెంటనే అర్థమైంది. రగ్బీ తెలిసిన ఆడపిల్లలకు వేగం నేర్పేదాకా ఆగకుండా, వేగం ఉన్న పిల్లలకే రగ్బీ నేర్పుదామని 2012లో తలుపులు తెరిచారు. ఏ ఆట ఆడేవాళ్లయినా రావచ్చన్నారు. అలా వచ్చినవాళ్లలో ఒకరు నార్తర్న్ మిస్టిక్స్ నెట్‌బాల్ జట్టు అమ్మాయి పోర్షియా. కేలా మెకాలిస్టర్ కూడా నెట్‌బాల్ నుంచే వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2013లో, ఈ జట్టు మాస్కోలో సెవెన్స్ ప్రపంచ కప్ ఎత్తింది. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ సెవెన్స్ క్రీడాకారిణి మెకాలిస్టర్. 2015లో అదే పురస్కారం పోర్షియాకు దక్కింది.

నెట్‌బాల్‌లో బంతి అందాక పరుగెత్తకూడదు. ఎంత ఊపులో వచ్చినా అందుకోగానే ఆగాలి, మూడు సెకన్లలో వదిలేయాలి. గాల్లోకి లేచి, చేతులు చాపి, ఎదుటివాళ్ల వేళ్ల మీది నుంచి బంతిని లాక్కోవడం ఆ ఆటలో రోజూ చేసే పనే. ఇన్నేళ్లు పట్టుకుని ఆగిపోయిన అమ్మాయిని ఇక ఆగకుండా పొమ్మన్నారు. పోర్షియా ఆటలో నాకు కనబడే మలుపు ఇదే. ఆమె పాత ఆటను వదిలేసి రాలేదు, దాన్ని చేతుల్లో పెట్టుకుని వచ్చింది.

అథ్లెటిక్స్ కోచ్ దీనికి ఒప్పుకోరు. పోర్షియా తండ్రి కావెనా, పెదనాన్న ఫ్రెడ్ ఇద్దరూ న్యూజిలాండ్ మగవాళ్ల రగ్బీ జట్టు ఆల్ బ్లాక్స్‌కు ఆడినవాళ్లేనని గుర్తుచేస్తారు. రగ్బీ ఇంట్లోనే ఉన్న పిల్లతో మన బస్తీ పిల్లకు పోలికేంటని అడుగుతారు. ఆ మాటలో నిజముంది. కానీ అంత రగ్బీ ఉన్న ఇంట్లో పుట్టి కూడా ఆమె ఇరవై ఏళ్లు వచ్చేదాకా నెట్‌బాల్ కోర్టులోనే ఉంది. రక్తం ఒక్కటే చాలితే ట్రయల్స్ ప్రకటన దాకా ఆగాల్సిన పని లేదు. ఎవరో ఒకరు పిలవాలి.

ఇంట్లో రగ్బీ లేనివాళ్ల సంగతీ ఉంది. రియో ఫైనల్లో న్యూజిలాండ్‌ను 24-17తో ఓడించి బంగారం పట్టుకెళ్లిన ఆస్ట్రేలియా జట్టులో క్లోయీ డాల్టన్ బాస్కెట్‌బాల్ నుంచి వచ్చింది. మన దేశంలోనే బిహార్ అమ్మాయి స్వీటీ కుమారి ట్రాక్ మీద స్ప్రింట్లు తీసిన పిల్ల. 2019లో మన మహిళల జట్టు సింగపూర్‌ను 21-19తో ఓడించి ఫిఫ్టీన్స్‌లో, అంటే పదిహేను మంది ఆడే రగ్బీలో, తొలి విజయం అందుకుంది. ఆ ఏడాదే ఆమెకు అంతర్జాతీయ యువ క్రీడాకారిణి గుర్తింపు వచ్చింది.

కోచ్‌కు దెబ్బల భయం కూడా ఉంది. అది ఉత్త భయం కాదు. 2017 ఫిఫ్టీన్స్ ప్రపంచ కప్‌లో 13 ట్రైలు (గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ఒక ట్రై), అందులో హాంకాంగ్ మీద ఒక్క మ్యాచ్‌లోనే ఎనిమిది చేసిన పోర్షియాను ఆ తర్వాత మడమ నరం గాయం చాలాకాలం కూర్చోబెట్టింది. 2022 నవంబరులో ఆక్లండ్ ఈడెన్ పార్క్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్లో, పట్టి పడేయబోయిన ఇంగ్లండ్ వింగర్ లిడియా థామ్సన్ ట్యాకిల్ ఆమె తలకు తగిలింది. 18వ నిమిషంలో థామ్సన్‌కు రెడ్ కార్డు. పోర్షియా మళ్లీ మైదానంలోకి రాలేదు. న్యూజిలాండ్ 34-31తో గెలిచింది. గెలిచినా ఆ దెబ్బ ఆ దెబ్బే. రగ్బీ మేడం కూడా దీన్ని దాచరు. క్యాంపులో మొదటి పది రోజులు ఎలా పడాలో, ఎదుటివాళ్ల నడుము కింద భుజం ఎలా ఆనించాలో నేర్పడానికే పోతాయట. ఆ తర్వాతే ఎవరి మీదికైనా ఎవరినైనా వదులుతారు.

ఉద్యోగం సంగతికొస్తే, రగ్బీ సర్టిఫికెట్ ఎందుకు పనికొస్తుందన్న ప్రశ్నకు కాలం చెల్లింది. కేంద్ర ప్రభుత్వ కొలువుల స్పోర్ట్స్ కోటా జాబితాలో 2020 సెప్టెంబరులో రగ్బీని చేర్చారు. నెట్‌బాల్ కూడా అప్పుడే చేరింది. మా నగరం పేరుతో హైదరాబాద్ హీరోస్ అని రగ్బీ జట్టూ ఉంది. 2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్ తొలి సీజన్ ఆడింది. ఆ సీజన్ మగవాళ్లకు మాత్రమే. ఆడపిల్లలకు ఆ మెట్టు అప్పుడు ఎవరూ వేయలేదు. కోచ్ ఈ మాట పట్టుకుని గట్టిగా అడిగితే నేనూ ఆయన వెంట నిలబడతాను.

ఆయన మాత్రం వేరేది అడుగుతున్నారు. "నాలుగేండ్ల సంది పొద్దుగాల ఐదింటికి లేచి నేర్పిన. ఇయ్యాల బంతి చేతిల పెట్టి తీస్కపోతమంటే ఎట్ల?" అన్నారు నాతో. ఆ నాలుగేళ్లకు లెక్క కట్టేవాళ్లు లేరు. మనవైపు పిల్ల గెలిస్తే తొలి గురువు పేరు పేపర్లో రాదు. ఆయన కోపంలో సగం అదేనని నాకనిపించింది.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయిని చూశాను. బంతిని ఎడమ చంకలో ఇరికించుకుని టచ్‌లైన్ (మైదానం పక్క గీత) పక్కన పరుగెత్తింది. మొదటిసారి గీత మీద దారం పట్టినట్టు తిన్నగా పోయింది, ట్రాక్ మీద లేన్‌లో పోయినట్టే. ఎదురుగా ఉన్న పిల్ల తేలిగ్గా బయటికి నెట్టేసింది. రెండోసారీ అంతే. మూడోసారి ఎడమకాలు నేలకు తన్ని లోపలికి తిరిగింది. పట్టుకోబోయిన పిల్ల చేతిలో గాలే మిగిలింది. ఐదడుగులు దాటాక ఇక ఆమెను అందుకునేవాళ్లు మైదానంలో లేరు. గీత దాటి బంతి నేలకు ఆనించి, వెనక్కి తిరిగి పకపకా నవ్వింది.

వాళ్లమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. కూతురి స్పైక్స్ సంచి ఆమె చేతిలో ఉంది, క్యాంపు వాళ్లిచ్చిన ఒప్పుకోలు కాగితం అదే సంచిలో ఉంది, ఇంకా సంతకం కాలేదు. సోమవారం నుంచి రెండు ప్రాక్టీసులూ సాయంత్రం ఒకే వేళకు పడుతున్నాయి.