ఐరన్ బిళ్ళ వేడి చేసిద్దా?

మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పడం నా ఉద్యోగం. దాంతోపాటు గుంటూరు చుట్టుపక్కల హైస్కూళ్లకు, ఇంటర్ హాస్టళ్లకు ఆరోగ్యం క్లాసులు చెప్పడానికి వెళ్తుంటాను, వీలైనప్పుడల్లా ఒక మహిళా సైంటిస్టును వెంటబెట్టుకుని. ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న. పిల్ల అడగకపోతే గేటు దగ్గర వాళ్లమ్మ అడుగుతుంది: "ఆ నీలం బిళ్ళ వేడి చేసిద్దంట కదా మేడమ్?" తర్వాత గొంతు తగ్గించి, "రేపు పిల్లలు పుట్టరంట కదా?"

ఎవరు చెప్పారమ్మా అంటే పేరు చెప్పరు. పక్కింటావిడకు వాట్సాప్‌లో వచ్చిందట.

పిల్లలు పుట్టరనేది పచ్చి అబద్ధం. బడిలో వారానికొకటి ఇచ్చే ఆ బిళ్ళలో ఉండేది 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. రేపు అదే అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు రోజూ వేసుకోమని ఇచ్చే ఎర్ర బిళ్ళలో ఉండేదీ ఇదే మందు, ఇదే మోతాదు. రంగు మార్చారంతే. పిల్లలు పుట్టకుండా చేసే మందైతే గర్భిణులకు ఎందుకిస్తారు?

వేడి సంగతి పూర్తిగా అబద్ధం అనను. పరగడుపున వేసుకుంటే కొందరికి కడుపులో మంట, వికారం వస్తాయి, అందుకే అన్నం తిన్నాక వేసుకోమంటాం. విరేచనం నల్లగా అవుతుంది, అది చూసి భయపడి మానేసిన పిల్లలు బోలెడుమంది. ఒంటికి పట్టని ఐరన్ బయటికి పోతోంది, అంతకుమించి ఏమీ లేదు. ఒక స్కూల్లో పైఅంతస్తు కిటికీలోంచి కిందికి తొంగిచూస్తే సన్‌షేడ్ మీద నీలం మరకలు వరసగా ఉన్నాయి. బిళ్ళలన్నీ అక్కడ వానకు కరుగుతున్నాయి. టీచర్ల రిజిస్టర్‌లో మాత్రం అందరూ మింగినట్టే.

అసలు కొంప ముంచేది ఇంకో అపోహ, ఇది బిళ్ళ గురించి కాదు, పిల్ల గురించి. "దీనికి బద్ధకం మేడమ్, పుస్తకం పట్టుకుంటే నిద్రే, లెక్కలు, ఫిజిక్స్ దీని వల్ల కాదులెండి." తొమ్మిదో తరగతి నుంచే ఈ మాట మొదలవుతుంది. ఇంటర్‌కి వచ్చేసరికి ఏదో ఒక గ్రూపులో చేర్పించి, డిగ్రీ అయ్యాక పెళ్లి చేద్దాం అనేదాకా పోతుంది. ఆ పిల్లకు ఒక్కసారైనా హీమోగ్లోబిన్ చూపించారా అంటే లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే క్లాసులో సగం బెంచీలు దాటి. 100 మిల్లీలీటర్ల రక్తంలో హీమోగ్లోబిన్ కనీసం 12 గ్రాములు ఉండాలి, 8 కంటే తగ్గితే బిళ్ళలతో ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మధ్యలో, తొమ్మిదిలోనో పదిలోనో ఉన్న పిల్ల చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, నడుస్తుంది, నవ్వుతుంది, మూడో పీరియడ్‌కి తల వాల్చేస్తుంది. మనం దానికి బుర్ర లేదని తేల్చేస్తాం.

ఒకమ్మాయి జామెట్రీ బాక్సులో కాంపస్ కంటే బలపం ముక్కలు ఎక్కువున్నాయి. రాయడానికి కాదు, నమలడానికి. ఇంట్లో బియ్యం డబ్బా కూడా ఖాళీ చేస్తుందని వాళ్లమ్మ ఫిర్యాదు, పెళ్లిలో వాన పడుతుందని తిడుతోందట. బలపం, పచ్చి బియ్యం, మట్టి, ఐసు మీదకు మనసు పోవడం చాలాసార్లు ఐరన్ లోపానికి గుర్తు. తిట్టడం ఆపి రక్తపరీక్ష చేయించండి అన్నాను. 8.6 వచ్చింది. ఆవిడ అక్కడే ఏడ్చేసింది, ఇన్నాళ్లూ తిట్టానే అని. ఆవిడ తప్పేముంది, ఆవిడకు మాత్రం ఎవరు చెప్పారు? డాక్టర్ రాసిన మందు వాడాక బలపాలు మానేసింది, క్లాసులో నిద్రా తగ్గింది. మార్కులు ఆకాశాన్నంటాయని చెప్పను, ఆ పిల్లకు అప్పటికే చాలా పాఠాలు పోయాయి.

ఆ బిళ్ళ కథ చెబితే పిల్లలు మాత్రం చెవులు రిక్కిస్తారు. లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ మహిళా డాక్టర్ 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో రక్తహీనత ఎందుకొస్తోందో వెతికింది. ఈస్ట్ సారం ఇస్తే తగ్గుతోందని కనిపెట్టింది. అందులో ఉన్నది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. 1940లలో దాన్ని ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సన్‌షేడ్ మీదకు విసిరింది దాన్నే అంటే కాస్త సిగ్గుపడతారు.

సైంటిస్టును ఎందుకు తీసుకెళ్లడం, కాసేపు స్ఫూర్తి పొంది మర్చిపోతారు కదా అంటారు కొందరు. ఉపన్యాసం ఇప్పిస్తే అంతే. ప్రశ్నలకు వదిలేస్తే వేరు. మిరప మీద పనిచేసే ఒకావిడను ఓ పిల్ల అడిగింది, "పీరియడ్స్‌లో తోటలోకి వెళ్తే పూత రాలిపోతుందంట కదా, మీరెట్టా వెళ్తారు మేడం?" ఆవిడ నవ్వలేదు. ఎండ ఎక్కువైతే పూత రాలుతుంది, తామర పురుగు పడితే రాలుతుంది, 2021లో మన మిరపను ముంచిన నల్ల తామర పురుగు ఎవరి డేట్ చూసి వచ్చింది, అంది. తర్వాత పూలను ఎలా విప్పి పుప్పొడి అద్దుతారో బోర్డు మీద గీసి చూపించింది. గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

మిగతావి గబగబా. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉన్నాయని రక్తం పట్టేయదు, వాటిలో ఐరన్ తక్కువ. ఆకుకూర, పప్పు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి, జామకాయ తినండి. టిఫిన్ అవగానే టీ తాగే అలవాటు మానండి, టీ ఐరన్‌ను పట్టనివ్వదు. పెద్దమనిషైనప్పుడు చిమ్మిలి పెట్టడం మంచి పనే, కానీ ఆ పదకొండు రోజులతో ఆపేస్తే ఎలా? బైపీసీ అంటే డాక్టరే అన్నది అపోహ, నేను డాక్టర్ను కాదు. ముట్టులో ఆవకాయ జాడీ ముట్టుకుంటే బూజు పట్టదు, తడి గరిటె పెడితే పడుతుంది.

ప్యాడ్ గంట, రెండు గంటలకే తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా ఆగకపోయినా బిళ్ళతో సరిపెట్టకుండా గైనకాలజిస్ట్‌కు చూపించండి. డాక్టర్ రాసినట్టు రోజూ వేసుకున్నా నెల తర్వాత హీమోగ్లోబిన్ కదలకపోతే తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు జన్యువు అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చి ఉందేమో (దాన్నే ట్రెయిట్ అంటారు) చూసే హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష గురించి అడగండి. ట్రెయిట్ ఉన్నంత మాత్రాన పిల్లకేమీ కాదు, టెన్షన్ పడకండి. కానీ మేనరికాలు చేసుకునే ఇళ్లలో, సంబంధం కుదుర్చుకునే ముందే ఇద్దరికీ పరీక్ష చేయించండి. ఇద్దరికీ ఉంటే పుట్టబోయే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.