గ్రీన్ కార్డ్ ప్రెసిడెంట్ జేబులో ఉండదు: ఓటుకు ముందు కొన్ని అపోహలు, వాస్తవాలు

"అక్కా, ఈయన వస్తే మన గ్రీన్ కార్డులు కదులుతాయట కదా?"

2028 అమెరికా ప్రెసిడెంట్ ఎన్నికకి ఇంకా టైముంది. అయినా ఈ ప్రశ్న నాకు అప్పుడే మూడుసార్లు వచ్చింది. ఒకటి బర్త్‌డే పార్టీలో బిర్యానీ ప్లేటు చేతిలో ఉండగా, ఒకటి గుడి పార్కింగ్‌లో, మూడోది రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో, ఎవరో ఫార్వర్డ్ చేసిన వీడియోతో సహా. డాలస్ ఉత్తరం వైపు శివార్లలో పదేళ్లుగా పోలింగ్ కేంద్రాల్లో ఎలక్షన్ క్లర్కుగా పనిచేస్తున్నాను. డ్యూటీ లేనప్పుడు లైబ్రరీ మీటింగ్ రూములో మనవాళ్లకి బ్యాలెట్ ఎలా చదవాలో చెబుతుంటాను. ఎవరికి వేయాలో మాత్రం చెప్పను, బతిమాలినా చెప్పను. అభ్యర్థిని దేనితో తూచాలో చెబుతాను. మనవాళ్లు తూచడంలో తక్కువేం కాదు, గంటలు గంటలు తూస్తారు. తూకం రాళ్లే తేడా.

అపోహ: గ్రీన్ కార్డ్ క్యూ తగ్గించేదీ పెంచేదీ ప్రెసిడెంటే

ఎక్కువమందిని ముంచుతున్నది ఇదే కాబట్టి ఎక్కువసేపు దీని మీదే కూర్చుంటాను.

ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు. భార్యాపిల్లల లెక్క కూడా అందులోనే. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్న పరిమితి ఒకటి. ఇవి రెండూ 1990 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఉన్నాయి. హెచ్-1బీ వర్క్ వీసాకి 65,000, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000 అన్నదీ చట్టమే. చట్టం మార్చేది కాంగ్రెస్, అంటే ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన ఇక్కడి పార్లమెంటు. ప్రెసిడెంట్ సంతకం పెట్టొచ్చు, వీటో చేయొచ్చు, తన పార్టీ వాళ్ల మీద ఒత్తిడి తేవచ్చు. తెల్లారేసరికి ఆ 7ని 15 చేయడం ఆయన వల్ల కాదు.

అయినా ప్రతిసారీ ఆశ పెడతారు, మనం పడతాం. 2016లో హిల్లరీ క్లింటన్ సైన్సు, టెక్నాలజీల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేసినవాళ్ల డిగ్రీకి గ్రీన్ కార్డు జోడిస్తామన్నారు. 2024 జూన్‌లో ట్రంప్ ఒక పాడ్‌కాస్ట్‌లో, ఇక్కడ కాలేజీ పాసైన ప్రతివాళ్లకీ డిప్లొమాతో పాటు గ్రీన్ కార్డు ఇవ్వాలన్నారు. ఆ క్లిప్పు నాకు ఒక్క రోజులో పదిమంది పంపారు. బైడెన్ అయితే 2021లో పదవి చేపట్టిన మొదటి రోజే పెద్ద ఇమ్మిగ్రేషన్ బిల్లు కాంగ్రెస్‌కి పంపారు, అది అక్కడే పడి ఉండిపోయింది. ముగ్గురి మాటల్లో ఎవరిది ఎంత నిజాయితీ అన్నది మీ ఇష్టం. పని మాత్రం ముగ్గురి చేతుల్లోనూ లేదు.

దగ్గరదాకా వచ్చి జారిపోయింది ఒకటుంది. దేశాలవారీ పరిమితి ఎత్తేసే హెచ్.ఆర్. 1044 బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో గెలిచింది. సెనేట్ దాదాపు ఏడాదిన్నర తాత్సారం చేసి, 2020 డిసెంబర్‌లో ఎస్. 386 పేరుతో వేరే రూపంలో పాస్ చేసింది. రెండు సభల బిల్లులూ ఒకటి కావాలి కదా, కాలేదు. 2021 జనవరి మొదట్లో ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లు కథా ముగిసింది. ఆ రెండేళ్లూ మన పార్టీల్లో వైట్‌హౌస్‌లో ఎవరున్నారన్న గొడవే తప్ప, మన సెనేటర్ ఆ బిల్లు మీద ఏమన్నాడని అడిగినవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

నా సంగతీ చెబుతాను. 2012లో మొదటిసారి ఓటేశాను. పౌరసత్వం వచ్చిన కొత్త, మంచి చీర కట్టుకుని మరీ వెళ్లాను. అభ్యర్థులిద్దరూ వీసాల గురించి ఏమన్నారో కాగితం మీద రాసుకుని, నెల రోజులు ఆలోచించి, ప్రెసిడెంట్ దగ్గర ఒక్క ఓటు వేసి బయటికొచ్చాను. మిగతా బ్యాలెట్ అంతా ఖాళీ. సెనేట్ ఓటూ అందులోనే ఉంది. నా జిల్లా కాంగ్రెస్ సభ్యుడి పేరు నాకు తెలిసింది 2019లో, ఆ 365–65 లిస్టులో వెతుక్కున్నప్పుడు. ఏడేళ్లపాటు నాకు కావలసిన తలుపు వదిలేసి పక్కింటి తలుపు కొడుతూ ఉన్నానన్నమాట.

అలాగని ప్రెసిడెంట్ ఎవరైనా ఒకటే అంటే అది ఇంకా పెద్ద అబద్ధం. ఇవ్వడం ఆయన చేతిలో పెద్దగా లేదు. బిగించడం, సడలించడం మాత్రం బాగా ఉంది. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న భార్యలకి పని చేసుకునే అనుమతి 2015లో ఒబామా ప్రభుత్వం రూల్ మార్చి ఇచ్చిందే, చట్టం కాదు. ట్రంప్ మొదటి ప్రభుత్వం దాన్ని తీసేస్తామని ఏళ్ల తరబడి చెప్పి, చివరికి తీయకుండానే దిగిపోయింది. తీయలేదు సరే, ఆ ఏళ్లలో ఈఏడీ (ఆ పని అనుమతి కార్డు) రెన్యువల్ అన్నప్పుడల్లా ఇళ్లలో ఎంత టెన్షనో నాకు తెలుసు. 2020 జూన్‌లో ప్రెసిడెంట్ సంతకం పెట్టిన ఒక్క ప్రకటనతో (ప్రొక్లమేషన్) హెచ్-1బీ వాళ్లు కొత్తగా దేశంలోకి రావడం ఆగింది. వీసా స్టాంపింగ్‌కి వెళ్లిన మా కజిన్ నెలల తరబడి విజయవాడలో ఉండిపోయాడు, ఇక్కడ అద్దె కడుతూనే ఉన్నాడు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ పిటిషన్ మీద లక్ష డాలర్లన్నదీ ప్రకటనే.

2025 జనవరి 20 రాత్రి సంగతి మర్చిపోలేను. తల్లిదండ్రుల్లో ఒక్కరికైనా పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే ఇక్కడ పుట్టిన బిడ్డకి పౌరసత్వం ఉండదన్న ఆర్డరు మీద ఆ రోజు ట్రంప్ సంతకం పెట్టారు. నెల రోజుల తర్వాత పుట్టేవాళ్లకి వర్తిస్తుందని అందులో ఉంది. మా వీధి చివర అపార్ట్‌మెంట్ల నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఎనిమిదో నెల, డ్యూ డేట్ మార్చిలో. "అక్కా, ఫిబ్రవరిలోనే సిజేరియన్ చేయించేసుకోమని మా అత్తగారు అంటున్నారు, ఏం చేయను?" అంది. నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. "ముందు భోజనం చెయ్యి, పిల్ల సంగతి డాక్టరుగారు చూస్తారు, ఆర్డరు సంగతి కోర్టులు చూస్తాయి" అన్నాను. నిజంగానే రోజుల్లో కోర్టులు అడ్డుకున్నాయి. పిల్ల మార్చిలో పుట్టింది. ఆ అమ్మాయికి వాట్సాప్‌లో వచ్చిన మెసేజుల్లో సగం ఉన్నదానికి లేనిది జోడించినవి. అవి ఫార్వర్డ్ చేసినవాళ్ల మీద నాకింకా కోపం పోలేదు.

అందుకే నా క్లాసులో ఏ4 కాగితం ఇచ్చి మధ్యలో గీత కొట్టమంటాను. ఎడమవైపు ప్రెసిడెంట్ చేతిలో ఉన్నవి, కుడివైపు లేనివి. మీ కష్టాలన్నీ ఏదో ఒక వైపు పడాలి. ఒకసారి ఒక పెద్దాయన లేచి, ప్రాపర్టీ టాక్స్ తట్టుకోలేకపోతున్నాననీ, దాన్నిబట్టే ప్రెసిడెంట్‌కి వేస్తాననీ అన్నారు. అంకుల్, టెక్సస్‌లో ఆ బిల్లు వేసేది కౌంటీ, సిటీ, అన్నిటికన్నా ఎక్కువగా స్కూల్ డిస్ట్రిక్ట్. వాషింగ్టన్‌కి అందులో పైసా సంబంధం లేదు. స్కూల్ బోర్డు ఎన్నిక చాలా చోట్ల మే నెలలో జరుగుతుంది, మేం క్లర్కులం గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాం. పోయినసారి వేశారా అని అడిగితే ఆయన నవ్వేసి కూర్చున్నారు. ఇంటి లోన్ వడ్డీ? ఫెడ్ (ఇక్కడి కేంద్ర బ్యాంకు) చైర్మన్‌ని ప్రెసిడెంట్ ప్రతిపాదిస్తే సెనేట్ ఒప్పుకోవాలి, ఫెడ్ రేటు తేల్చేది 12 మంది ఓటేసే కమిటీ, లోన్ వడ్డీ దాన్నిబట్టి కొంతే కదులుతుంది. దాన్ని గీత మీదే రాయమంటాను.

ఎడమవైపు మిగిలేవి తక్కువేం కాదు. ఎవర్ని ఏ కుర్చీలో కూర్చోబెడతాడన్నది అన్నిటికన్నా పెద్దది. మంత్రులు, ఏజెన్సీల పెద్దలు, ఫెడరల్ జడ్జీలు. ట్రంప్ మొదటి నాలుగేళ్లలో సుప్రీంకోర్టుకి ముగ్గురు వెళ్లారు, వాళ్లు జీవితాంతం ఉంటారు. సైన్యం ఆయనది, క్షమాభిక్ష ఆయనది, వీటో ఆయనది, రూల్స్ రాసే ఏజెన్సీలు ఆయనవి. అందుకని అభ్యర్థి బలాబలాలు చూసేటప్పుడు నేను వెతికేది ఉపన్యాసం కాదు. గవర్నర్‌గా చేసి ఉంటే ఎలాంటివాళ్లని వెంట పెట్టుకున్నాడు? సెనేటర్‌గా చేసి ఉంటే ఏ బిల్లుకి ఎటు ఓటేశాడు (ఆ రికార్డు సెనేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు)? కిందివాళ్లు "కుదరదు సార్" అంటే ఏం చేస్తాడు? ఈ మూడోదానికి జవాబు దొరికితే నాకు సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఇక మిగతావి, గబగబా.

"మన మూలాలున్నవాళ్లయితే మనల్ని చూసుకుంటారు." 2024లో కమలా హారిస్ తల్లి తరఫు పూర్వీకుల ఊరని తమిళనాడులో పూజలు చేశారు, ఉషా వాన్స్ పూర్వీకుల ఊరని పశ్చిమ గోదావరి వడ్లూరులో సంబరాలు చేసుకున్నారు. ముచ్చటే, నాకూ ముచ్చటేసింది. కానీ ఉపాధ్యక్షుడి భార్యకి పదవేమీ లేదు, సంతకం పెట్టే కాగితమూ లేదు.

"వైస్ ప్రెసిడెంట్ ఎవరైతే ఏంటి?" ఇప్పటిదాకా తొమ్మిదిమంది ఉపాధ్యక్షులు మధ్యలోనే అధ్యక్షులయ్యారు. ఎనిమిదిసార్లు మరణం వల్ల, ఒకసారి రాజీనామా వల్ల. రెండో పేరు కూడా చదవండి.

"డిబేట్ గెలిస్తే ఎన్నిక గెలిచినట్టే." 2012లో ఒబామా మొదటి డిబేట్ పోగొట్టుకుని ఎన్నిక గెలిచారు. 2024 జూన్ డిబేట్ తర్వాత బైడెన్ నెల తిరక్కుండానే పోటీ నుంచి తప్పుకున్నారు. దేనికది.

"టెక్సస్‌లో మన ఓటు దండగ." ప్రెసిడెంట్ వరకు మీకు తీపి మాటలు చెప్పను. 1976లో కార్టర్ తర్వాత ఈ రాష్ట్రంలో డెమొక్రాట్ గెలవలేదు. ఎవరికి ఎక్కువ ఓట్లొచ్చినా రాష్ట్రాలవారీగా పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 కావాలి, 2016లో సుమారు 29 లక్షల ఓట్లు ఎక్కువొచ్చినా క్లింటన్ ఓడిపోయారు. కానీ అదే బ్యాలెట్ మీద కింద ఉన్నవాటికి ఎలక్టోరల్ కాలేజీ లేదు, ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలుస్తారు.

"ఒక్క బటన్ నొక్కితే పార్టీ మొత్తానికి పడుతుంది." 2020 నుంచి టెక్సస్‌లో అది లేదు. ఒక్కొక్కటీ వేసుకోవాలి. కొన్ని వదిలేస్తే ఓటు చెల్లదనుకోకండి, వేసినవి వేసినట్టే లెక్కపెడతారు.

ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లూ, వీసా మీద ఉన్నవాళ్లూ ఓటుకి రిజిస్టర్ చేసుకోకూడదు. డ్రైవింగ్ లైసెన్స్ కోసం డీపీఎస్ ఆఫీసుకి వెళ్తే ఓటరుగా నమోదు కావాలా అని అడుగుతారు. అందరికీ అడుగుతున్నారు కదా అని "యెస్" అంటే తర్వాత పౌరసత్వం ఫారం ఎన్-400లో అదే ప్రశ్న ఎదురొస్తుంది. దేశం నుంచి పంపించేసేదాకా వెళ్లొచ్చు. ఇప్పటికే పొరపాటున టిక్ పెట్టి ఉంటే కంగారుపడి దాచకండి, ఏ ఫారమూ పంపకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్ని కలవండి.

2026 నవంబర్ 3న ప్రతినిధుల సభ మొత్తానికీ, టెక్సస్‌లో ఒక సెనేట్ సీటుకీ ఎన్నిక. పైన చెప్పిన ఆ 7 శాతం ఉండేది వీళ్ల చేతిలోనే. ఆ రోజు 2028 పేర్ల గురించి నన్ను అడిగితే మాట్లాడను. రిజిస్ట్రేషన్ 30 రోజుల ముందే ముగుస్తుంది, టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌తో పాటు తప్ప అది ఆన్‌లైన్‌లో అవదు, ఫారం పోస్ట్ చేయాలి, లేదా స్వయంగా ఇచ్చి రావాలి. ఓటింగ్ యంత్రాల దగ్గర ఫోన్ తీయనివ్వం, అభ్యర్థి పేరున్న టీషర్టునీ లోపలికి రానివ్వం. మీరు రాసుకున్న కాగితం చీటీ మాత్రం తెచ్చుకోవచ్చు. ఇంగ్లీషు ఇబ్బందైన అమ్మానాన్నలకి సాయంగా మీరు వెళ్లొచ్చు, ముందు ప్రమాణం చేయాల్సి ఉంటుంది.

మా నాన్న తెనాలి దగ్గర స్కూలు మాస్టారు. ఎన్నికలొస్తే ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా ఏదో ఒక పల్లెకి పెట్టెలతో వెళ్లి, రెండు రోజులకి ఒళ్లంతా దుమ్ముతో వచ్చేవారు. "ఓటేసే మనిషిని తొందరపెట్టకూడదమ్మా" అనేవారు. 2024లో ముందస్తు ఓటింగ్‌లో ఒక పిన్నిగారు మనవడితో వచ్చినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. ఆవిడ చేతిలో రూళ్ల నోట్‌బుక్ కాగితం, రెండు వైపులా తెలుగులో పేర్లు, ఒక్కోదాని పక్కన చిన్న గుర్తు. మనవడు ప్రమాణం చదివి సంతకం పెట్టి లోపలికెళ్లాడు. పావుగంటైంది, అరగంటైంది. ఎవరికి వేశారో నాకు తెలీదు, తెలియకూడదు. వెనకాల లైన్లో ఒకతను గడియారం చూసుకుంటున్నాడు. నేను కదల్లేదు.

బయటికొచ్చి స్టిక్కర్ తీసుకుని కొంగుకి అంటించుకున్నారు. "మా ఊళ్లో అయితే ఎంపీకి ఒకటి, ఎమ్మెల్యేకి ఒకటి, అయిపోయేదమ్మా. ఇక్కడ జడ్జీలకి కూడా మనమే వేయాలా?"

"వేయాలి పిన్నిగారూ."

"అవునులే, వాళ్లూ మనుషులే కదా" అని మనవడి భుజం పట్టుకుని మెట్లు దిగారు.